దుప్పటి అవతలి కొస

ఆరబెట్టే యంత్రంలోంచి అప్పుడే తీసిన దుప్పటి చేతులకు వెచ్చగా తగిలింది. రెండు మూలలు పట్టుకుని ఆమె వెనక్కి నడిచింది. అవతలి మూలలు పట్టుకుని వదిన అటు జరిగింది. ఇద్దరూ ఒక్కసారే విదిలించారు. దుప్పటి గాలి నింపుకుని ఉబ్బి, మెల్లగా పడిపోయింది. మూలకు మూల చేర్చి, సాగదీసి, ఒకరికొకరు ఎదురొచ్చారు. వదిన తన కొసలు ఆమె చేతిలో పెట్టి, కింద వేలాడుతున్న మడతను వంగి అందుకుంది. మళ్లీ వెనక్కి, మళ్లీ ఎదురు. చివరికి అంత పెద్ద దుప్పటీ దిండంత అయి బల్ల మీది దొంతరలో చేరింది.

హోటళ్ల బట్టలు ఉతికే ఆ లాండ్రీలో వాళ్లిద్దరి పని ఇదే. వ్యాను తోలే డ్రైవరు మన భాషవాడు. వదినకు పెద్ద దుప్పటి అనీ, ఆమెకు చిన్న దుప్పటి అనీ అతనే పేర్లు పెట్టాడు. పేర్లు నిలిచిపోయాయి. వాళ్లు నిజానికి వదినా మరదళ్లు కారు. పరాయి దేశంలో ఒకే గదిలో ఎదురెదురు మంచాలు పడ్డాక ఏదో ఒక వరస కలుపుకోవాలి కాబట్టి కలుపుకున్నారు.

చిన్న దుప్పటి పొట్టి మనిషి. గుండ్రటి ముఖం, నున్నగా దువ్విన జుట్టు, ఎవరు పిలిచినా ముందే సిద్ధంగా ఉన్నట్టుండే కళ్లు. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒకటే జబ్బు. ఎవరైనా “చేయగలవా” అని అడిగితే, ఏమిటో పూర్తిగా వినకుండానే “చేస్తాను” అనేస్తుంది. బళ్లో నల్లబల్ల ఎవరు తుడుస్తారంటే మొదట లేచిన చెయ్యి ఆమెదే. పెళ్లయిన కొత్తలో, ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు, వంట ఒక్కదానివే చేయగలవా అని అత్తగారు అడిగితే తలూపి, సాయంత్రానికి పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. పడినందుకు కాదు, అన్నం మాడినందుకు ఏడ్చింది. ఇంటికి ఆధారమైన బట్టలు కుట్టే కొట్టు మూతపడ్డాక, పై దేశాల్లో పనికి పంపే ఏజెంటు ఇంటికొచ్చి, “దూరాభారం, వెళ్లగలవా అమ్మా?” అన్నప్పుడు, భర్త నోరు తెరిచేలోగానే “వెళ్తానండీ” అంది. తెరిచిన నోరు ఆయన మూయడం మర్చిపోయిన సంగతి వదినకు చెబితే, ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. భేష్ అని ఒక్కమాట వింటే చాలు, ఆమెకు కడుపు నిండిపోతుంది.

వదిన పొడుగు. భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. జుట్టుముడి ఎప్పుడూ మెడ మీదికి జారుతూ ఉంటుంది. భర్త పోయి చాన్నాళ్లయింది, పిల్లల్లేరు. ఊళ్లో ఉంటే తమ్ముడి ఇల్లే దిక్కు.

“అక్కడ వాళ్లు టీవీ ఆపేదాకా నాకు పడక లేదు, హాల్లో కదా నా చాప,” అనేది వదిన. “ఇక్కడ మంచం నాది. దీపం ఎప్పుడార్పాలో నేనే చెప్తా. మహారాణిని.”

చిన్న దుప్పటి పనిలో చేరిన కొత్తలో, అంచు యంత్రంలో ఇరుక్కుని ఆమె చేతిలోని ఖరీదైన దుప్పటి ఒకటి బర్రున చిరిగింది. సూపర్‌వైజరు వచ్చి ఎవరు చేశారంటే ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది. “నా చేతిలోనే చిరిగింది,” అంది వదిన, తలెత్తకుండా. తర్వాత దాని గురించి ఒక్కనాడూ ఎత్తలేదు.

ఆవేళ పొద్దున దొంతర సగమైనా కాకముందే కాగితాలాయన వచ్చాడు. కంపెనీ తరఫున వీసాలూ పని పర్మిట్లూ చూసే గుమాస్తా ఆయన. ఆయనా మనవైపు మనిషే. చంకలో ఫైలు, ముఖంలో ఎప్పుడూ ఆలస్యమైపోతున్న కంగారు.

“పదండమ్మా, పదండి. మీ ఇద్దరి వీసా గడువూ ఇవాళ్టితో ఆఖరు. నేను కాగితాలు ఎప్పుడో పెట్టాల్సింది, ఆఫీసువాళ్లు తిప్పుతూనే ఉన్నారు.”

రెన్యువల్ వాళ్లకు కొత్త కాదు. నెత్తురు పరీక్ష, ఫొటో, వేలిముద్రలు, ఆ తర్వాత ఎదురుచూపు. ఫొటో తీసేవాడు నవ్వొద్దని సైగ చేస్తే, “నవ్వుమొహాన్ని రానివ్వరా ఏంటి వీళ్లు?” అని వదిన గొణిగింది. చిన్న దుప్పటికి నవ్వాగక ఫొటో రెండుసార్లు చెడింది.

వీసా ఆఫీసు వరండాలో ఇనుప కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి. గోడలకు లేత ఆకుపచ్చ రంగు, చేతులు ఆనిన చోటల్లా నల్లబడింది. ఫైళ్లు గుండెలకు హత్తుకుని రకరకాల మనుషులు కూర్చున్నారు. ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. దాహంగా ఉందని వదిన మంచినీళ్ల కోసం వెళ్లింది. కాగితాలాయన కౌంటరు దగ్గర్నుంచి వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

“ఒక మాట చెప్పు తల్లీ. ఆ దుప్పట్లు మడిచే పని ఒక్కరివల్ల అవుతుందా?”

“అవుతుందండీ,” అంది ఆమె. మాట అలా వచ్చేసింది. తన పనితనాన్ని పరీక్షిస్తున్నాడనుకుంది. ఇంకొంచెం చెబితే బాగుంటుందనిపించి, “వదినకు జ్వరమొచ్చినప్పుడు నేనొక్కదాన్నే చేశాను. గోడకు కొక్కెం కొట్టించుకుంటే చాలండీ,” అంది.

జ్వరమప్పుడు నిజానికి డ్రైవరు వచ్చి ఓ చెయ్యి వేశాడు. అయినా సగం దుప్పట్లు మర్నాటికి మిగిలిపోయాయి. అది ఆమె చెప్పలేదు.

“అంతేనంటావా,” అని ఆయన లేచి వెళ్లాడు.

ఆమె తల తిప్పింది. కుర్చీ వెనకే వదిన నిలబడి ఉంది, రెండు చేతుల్లో రెండు కాగితపు గ్లాసులతో. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఒక గ్లాసు ముందుకు చాపింది.

“తాగు,” అంది.

కౌంటరు అద్దం వెనక అధికారి రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకదాన్ని వేలితో తడుతున్నాడు. ఒకే పనికి ఇద్దరెందుకని అడుగుతున్నాడని ఆమెకు కొంచెం కొంచెంగా తెలుస్తోంది. ఆ భాషలో నాలుగు ముక్కలు వచ్చు. కాగితాలాయన ఆమె వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. అందులో “ఒక్కతే” అన్న మాట, “చేస్తానంటోంది” అన్న మాట ఆమె చెవిన పడ్డాయి. అధికారి తలెత్తి ఆమెను చూశాడు. బాగుంది అన్నట్టు బొటనవేలు ఎత్తాడు.

ఆమె నవ్వింది. చేతికందిన మెప్పును వదులుకోలేక, ఏం జరుగుతోందో అర్థమయ్యేలోగానే, పళ్లు కనపడేలా నవ్వింది. అప్పుడే ముద్ర ఆమె పాస్‌పోర్టు మీద ఠపీమని పడింది. వదిన పాస్‌పోర్టును అధికారి మూసి, అద్దం కింది సందులోంచి వెనక్కి తోసేశాడు.

నవ్వు ఇంకా ఆమె ముఖం మీదే ఉంది. దాన్ని ఎలా తీసేసుకోవాలో తెలియలేదు.

బయటికొచ్చాక కాగితాలాయన ఎటో చూస్తూ వదినకు చెప్పాడు. “ఈసారికి ఒకరికే ఇచ్చారమ్మా. రేపటి నుంచి నువ్వుంటే తప్పవుతుంది. సాయంత్రం ఫ్లైటుకు చూస్తాను. ఏమనుకోకు.”

“మీరేం చేస్తారు నాయనా,” అంది వదిన. జారిన జుట్టు మళ్లీ ముడేసుకుంది. పాస్‌పోర్టును చేతిసంచిలో పెట్టి, జిప్పు చివరిదాకా లాగింది.

వదిన వ్యాను వైపు నడిచాక చిన్న దుప్పటి ఆగిపోయింది. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు, ఫైలు సర్దుకుంటూ. ఒక్క మాట చెబితే చాలు. నావల్ల కాదండీ, నేను గొప్పకు చెప్పాను, ఇద్దరుంటేనే అవుతుంది అని. ఆమె దగ్గరికెళ్లింది.

“అయ్యా...”

“ఏంటమ్మా?”

ఎండ ఆమె కళ్లలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నా పాస్‌పోర్టు... మీ దగ్గరే భద్రంగా ఉంది కదండీ?”

“ఉందమ్మా, ఉంది. నీకేం భయం లేదు,” అన్నాడాయన.

నీకేం భయం లేదు. వ్యానులో దారంతా ఆ మాట ఆమె చెవుల్లో సూదిలా గుచ్చుకుంటూనే ఉంది. పక్కనే వదిన మోకాలు తగులుతోంది. జరగడానికి చోటు లేదు. తెలియనట్టు ఉండటానికీ చోటు లేదు.

లాండ్రీకి చేరేసరికి మధ్యాహ్నపు బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. “నువ్వెళ్లి సామాను సర్దుకో వదినా,” అంది ఆమె, నేల చూస్తూ.

“సర్దడానికేముంది, ఒక పెట్టె. హోటలు లారీ వచ్చేలోగా ఇవి కాకపోతే వాళ్లు నిన్ను తిడతారు. పట్టు.”

పట్టింది. ఇద్దరూ వెనక్కి నడిచారు, విదిలించారు, ఎదురొచ్చారు. కొసలు అందించేటప్పుడు వేళ్లు వేళ్లకు తగులుతున్నాయి. ప్రతిసారీ ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంటోంది. వదిన ముఖంలోకి చూడాల్సి వస్తుందని దుప్పటిని కళ్లదాకా ఎత్తి పట్టుకుంది. గుట్ట తరిగిపోతోంది. చిట్టచివరి దుప్పటి దగ్గర, బాగా దగ్గరికొచ్చి, వదిన మెల్లగా అంది:

“ఆయన ముందు నన్నడిగి ఉంటే, నేనూ అదే చెప్పేదాన్నిలే.”

ఆమె చేతిలోంచి కొస జారిపోయింది. దుప్పటి చిరిగిన తప్పును తన మీద వేసుకున్న మనిషి ఆ మాట చెప్పి ఉండదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పి ఉండదు. అది ఇద్దరికీ తెలుసు. మరదలి తప్పు తేలిక కావాలని వదిన తన గుణాన్ని తానే తక్కువ చేసుకుంది. ఆమెకు క్షమించమనడానికి కూడా ముఖం చెల్లలేదు. కింద పడిన కొసను వదినే వంగి తీసి, దులిపి, మళ్లీ ఆమె చేతిలో పెట్టింది.

పొద్దు వాలేవేళకు వ్యాను వచ్చింది. డ్రైవరు హాస్యమాడలేదు. పెట్టె అందుకుని వెనకాల పెట్టాడు, తలుపు తీసి పట్టుకున్నాడు. వదిన ఎక్కి, కిటికీలోంచి, “నీళ్లు బాగా తాగు. ఆ వేడికి వాడిపోతావు,” అంది. వ్యాను వీధి మలుపు తిరిగింది. ఆమె చెయ్యి ఊపాలా వద్దా అని ఆలోచిస్తుండగానే తిరిగిపోయింది.

గదిలోకొచ్చి తన మంచం మీద కూర్చుంది. ఎదుటి మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. గోడకున్న మేకులన్నీ ఖాళీ. అలమర అర తుడిచేసి ఉంది. కిటికీ గట్టు మీద మాత్రం వాజలైన్ డబ్బా ఒకటి మూత తీసి ఉంది. వేడిగుడ్డలతో పగిలిన వేళ్లకు వదిన రోజూ పొద్దున్నే రాసుకునే డబ్బా, ఇవాళే తెరిచింది. నిండా ఉంది, మధ్యలో వదిన చూపుడువేలు తోడిన చిన్న గుంట తప్ప.