బొమ్మల పుస్తకం పిన్ని

స్నేహం ఎలా చేసుకోవాలో చిన్నపిల్లలకు నేర్పే బొమ్మల పుస్తకం ఒకటి తయారుచెయ్యమని బందరులో విద్యాశాఖ ఆఫీసువాళ్ళు నాకు పని అప్పగించారు. గుడివాడ మొత్తం మీద అందుకు పనికిరాని మనిషిని వెతికితే నేనే దొరుకుతాను. నా బొమ్మలు బాగుంటాయని వాళ్ళకి ఎవరో చెప్పారట. బొమ్మలు బాగుంటాయి, నిజమే. స్నేహం సంగతి ఎవరూ అడగలేదు.

నేను ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడక్కండి, అడిగినవాళ్ళందరితోనూ మాటలు మానేశాను. ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అమ్మ పోయాక నన్ను "ఒసేయ్ ఇందిరా" అని పిలిచే గొంతు లేకుండా పోయింది. స్కూల్లో ఇందిరగారిని, పాలవాడికి మేడంగారిని, కింద వాటా వాళ్ళకి టీచరుగారిని. గౌరవానికేం లోటు లేదు. సాయంత్రం తలుపేసుకున్నానంటే మళ్ళీ తెల్లారేదాకా ఆ "గారు" కూడా వినపడదు.

పుస్తకం మొదటి పేజీలో ఒక పిల్ల కొత్త ఊరికి వస్తుంది. తర్వాతి పేజీలో ఇంకో పిల్ల కనిపిస్తే "నీ పేరేమిటి?" అని అడుగుతుంది. అక్కడ ఆగిపోయాను. పేరు చెప్పాక ఏమవుతుంది? పేరడిగినంత మాత్రాన స్నేహమైపోతే నాకు ఊరినిండా స్నేహితులుండాలి. నన్ను టీచరుగా ఎరగని పసిపిల్లలకి చూపిస్తే ఏమైనా తోస్తుందేమోనని, ఓ ఆదివారం కాగితాలు సంచిలో పెట్టుకుని గిలకలదిండి వెళ్ళాను. బందరు పక్కన, సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళుండే చోటు. తీరా వెళితే అంగన్‌వాడీకి తాళం. ఆదివారం నాకు సెలవైతే వాళ్ళకీ సెలవేనన్న జ్ఞానం లేకపోయింది.

పక్కింటి వసారాలో ఒకావిడ రొయ్యలు ఒలుస్తోంది. పేరు వీరలక్ష్మి అని తర్వాత తెలిసింది. నన్ను ఎగాదిగా చూసి, "ఎండలో ఎందుకమ్మా, ఇలా వచ్చి కూర్చో," అంది. వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఐదేళ్ళుంటాయేమో, ఆవిడ కూతురు సాయిదుర్గ వచ్చి నా కాగితాలు లాక్కుంది.

"ఈ పిల్లెవరు?"

"ఊళ్ళోకి కొత్తగా వచ్చింది."

"ఎవరింటికొచ్చింది?"

"ఎవరింటికీ రాలేదు."

సాయిదుర్గకి అది మింగుడుపడలేదు. అక్కడికి ఎవరొచ్చినా ఎవరో ఒకరి ఇంటికే వస్తారు. వచ్చినవాళ్ళు అత్తో, బావో అవుతారు. చుట్టరికం లేకపోతే అప్పటికప్పుడు కలిపేస్తారు. పేర్లడిగేది పోలీసులూ, రేషను కార్డులు రాసుకునేవాళ్ళూను.

"మరి అన్నం ఎక్కడ తింటది?" అంది.

ఆ బొమ్మ నేనింకా వెయ్యలేదు. బొమ్మలోని పిల్లని వదిలేసి నన్ను చూసింది. "నువ్వెవరింటికొచ్చావు?"

"నేనూ ఎవరింటికీ రాలేదమ్మా."

ఆ పిల్ల బెంగగా వాళ్ళమ్మకేసి తిరిగింది. వీరలక్ష్మి తలెత్తకుండానే, "మనింటికే వచ్చిందిలే," అంది.

"అయితే నాకేమవుద్ది?"

"పిన్నవుద్ది. ఆ గిన్నె ఇటు తొయ్యి."

నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. బాగుండదని, గిన్నె అందించే వంకతో ఒక రొయ్యని చేతిలోకి తీసుకున్నాను. కార్తీకమాసం వస్తే ఉల్లిపాయని కూడా గడప తొక్కనివ్వని ఇల్లు మాది. "ముందు తల తుంచాలి పిన్నీ," అని సాయిదుర్గ నేర్పింది. వేలికి ముల్లు గుచ్చుకుంటే పకపకా నవ్వింది. తిరుగు బస్సులో నా చేతుల నీచువాసనకి పక్కసీటావిడ ముక్కు మూసుకుంది. అయినా ఇల్లు చేరేదాకా నేను చెయ్యి కడుక్కోలేదు.

ఆ ఎండాకాలం ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. నా తిండి సంగతి కనిపెట్టి వీరలక్ష్మి నాకు విడిగా మజ్జిగన్నం, మామిడికాయ పచ్చడి పెట్టేది. ఏదో బొమ్మలేసుకునే మనిషిననుకుంది తప్ప నా గురించి ఏమీ అడగలేదు. వీధి చివర నేను కనపడగానే సాయిదుర్గ "పిన్నొచ్చింది!" అని కేక పెట్టేది. ఆ కేక కోసం వారమంతా ఉగ్గబట్టుకుని ఉండేదాన్ని.

పుస్తకం దానంతటదే పూర్తయింది. పేరడిగే పేజీ చింపేశాను. కొత్తపిల్ల వసారాలో కూర్చుని రొయ్యలు ఒలుస్తుంది, ఇంటిపిల్ల "నువ్వు మా ఇంటికే వచ్చావులే" అంటుంది. బందరు ఆఫీసులో గోవర్ధనరావుగారు చదివి తెగ మెచ్చుకున్నారు. అచ్చేసి కలెక్టరుగారి చేత విడుదల చేయించారు. కలెక్టరుగారి పక్కన నేను శాలువా కప్పుకుని నిలబడ్డ ఫొటో పేపర్లో పడింది. ఇక ఉయ్యూరని, పమిడిముక్కలని, టీచర్లకి ట్రైనింగులంటూ నన్ను తిప్పారు. ఆదివారాలు కూడా మిగల్లేదు. చలికాలం వచ్చాక గానీ తెరిపి దొరకలేదు.

పుస్తకం తీసుకుని గిలకలదిండిలో బస్సు దిగి, దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళాను. వీధి చివర సాయిదుర్గ కనిపించింది. నన్ను చూసి కేక పెట్టలేదు. గబగబా ఇంట్లోకి పారిపోయింది.

వీరలక్ష్మి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఎవరింట్లోంచో ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, కొంగుతో తుడిచి వేసింది. "కూర్చోండి మేడంగారూ."

"చాపేదీ?" అన్నాను.

"అయ్యో, మీరు కింద కూర్చోవడమేంటండీ! పేపర్లో చూశామండీ, కలెక్టరుగారి పక్కన. పుస్తకం రాసింది మీరేనంట కదా, అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పింది. తెలీక మీచేత రొయ్యలు ఒలిపించామండీ. తప్పైపోయింది." ఆవిడ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. రొయ్యల గిన్నె అప్పటికే తలుపు వెనక్కి పోయింది.

కూల్‌డ్రింకు తెచ్చారు. చుట్టుపక్కలవాళ్ళంతా చూడ్డానికొచ్చారు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఫొటో మీద, శాలువా మీద, చివరికి ఆ పుస్తకం మీద కూడా. "ఇలా రావే సాయిదుర్గా," అన్నాను. ఆ పిల్ల తల్లివైపు చూసింది.

"మేడంగారు పిలుస్తున్నారు, వెళ్ళు."

"మేడమేంటి? నేను దాని పిన్నిని," అన్నాను.

అందరూ నవ్వారు. పెద్దవాళ్ళు సరదాకి ఏదో అంటే మర్యాదకి నవ్వే నవ్వు. సాయిదుర్గ కూడా నవ్వి, వాళ్ళమ్మ చీర చాటుకి వెళ్ళిపోయింది.

"అంత పెద్దవాళ్ళయ్యుండి, ఎంత కలుపుగోలు మనిషండీ మీరు!" అంది వీరలక్ష్మి, గుంజ పక్కన నిలబడి.

వసారాలో కుర్చీ ఒక్కటే ఉంది. మీరూ కూర్చోండి, కాస్త కూర్చోండి అని నేనెంత బతిమాలినా ఒక్కరూ కూర్చోలేదు.