బండి నర్సమ్మ పేరున

మోపెడ్ తుడవడం వసుంధర వంతు, ఎక్కడం విశ్వనాథం వంతు. రేపల్లెలో ఆ వీధి మొత్తానికి అదొక్కటే మోపెడ్ మరి! పొద్దున్నే చంటిబిడ్డకి ఒళ్ళు తుడిచినట్టు తుడిచి గుమ్మం ముందు నిలబెడితే, మొగుడుగారు మొహానికి పౌడరద్దుకుని, చొక్కా చేతులు మడుచుకుని, నాలుగు వీధుల అవతలున్న బియ్యం మిల్లుకి దాని మీద ఊరేగేవాడు. నడిస్తే పది నిమిషాలు పట్టని దూరం. వసుంధర మాత్రం మందుల సంచి భుజాన వేసుకుని పెనుమూడి వైపు ఊళ్ళకి నడిచి వెళ్ళేది. ఆమె ప్రభుత్వ నర్సు. నాలుగు ఊళ్ళ కాన్పులూ, పిల్లల టీకాలూ ఆమె చేతుల మీదే జరగాలి.

అసలా బండి కొన్నదే ఆ నడక తప్పుతుందని. డెబ్బై నాలుగులో ఒక మిల్లు గుమాస్తా మోపెడ్ కొనడమంటే మాటలా? స్కూటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అప్పుడే వసుంధర పనిచేసే హెల్త్ సెంటర్ ఆఫీసులో గుమాస్తా బసవేశ్వరరావు చల్లగా చెప్పాడు. "ఊళ్ళు తిరిగే ఉద్యోగమమ్మా మీది. బండి కొనుక్కోడానికి గవర్నమెంటు అడ్వాన్సు ఇస్తది. నెలనెలా జీతంలో కోసుకుంటారు, మీకు బరువనిపించదు." వసుంధర ఆ రాత్రి సంతోషంతో నిద్రే పోలేదు. తెనాలి షాపులో కాగితాలన్నిటి మీదా ఆమే సంతకాలు పెట్టింది. షాపు ఆసామి మాత్రం బండి ఎలా నడపాలో విశ్వనాథానికే చూపించాడు. బ్రేకిది, పెట్రోలు అయిపోతే సైకిల్లా తొక్కుకోవచ్చు, అంటూ అన్నీ అతనికే చెప్పాడు. ఆమె పక్కన సంచి పట్టుకుని నిలబడింది. అప్పుడే నోరు తెరవాల్సింది. కొత్త బండి ముందు మొగుణ్ణి చిన్నబుచ్చడమెందుకని ఊరుకుంది, వెర్రిది.

ఆ తర్వాత ఒకటా రెండా అడ్డంకులు? "చీర చక్రంలో పడితే ఏం కాను? ఆడదానికి బండేంటమ్మా, చోద్యం కాకపోతే!" అని అత్తగారు మాణిక్యాంబ. "పెట్రోలు ధర చూశావా? నువ్వు ఊళ్ళన్నీ తిరిగితే జీతమంతా దానికే పోస్తాం" అని విశ్వనాథం. మిల్లుకి వెళ్ళడానికీ, సాయంత్రం స్నేహితులతో స్టేషను దగ్గర కాఫీకీ, ఆదివారం బాపట్లలో అక్కగారింటికీ మరి ఆ పెట్రోలు నీళ్ళలాగా ఊరేది కాబోలు! ఒకసారి కాళ్ళు పొంగి మంచమెక్కితే అతను నిజంగానే జాలిగా పాదాలకి నూనె రాశాడు. రాస్తూ అన్నాడు కదా, "నీకు నడక అలవాటే వసూ. నాకైతే కూర్చునే ఉద్యోగం, నడిస్తే నడుం పట్టేస్తుంది." చెడ్డవాడు కాదు. అదే ఆమెకి వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడమైనా తేలికయ్యేది.

మొన్న వైశాఖంలో మిట్టమధ్యాహ్నం, పెనుమూడి రేవు దగ్గర చేపలు పట్టే పల్లెకారుల ఇంటి నుంచి కబురొచ్చింది. వెంకటసుబ్బులుకి తొలిచూలు, బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోందట. ఆ రోజు మోపెడ్ బాపట్లలో ఉంది, అక్కగారింట్లో మామిడికాయ పచ్చడి జాడీల కోసం. కబురు తెచ్చినవాడితోపాటు వసుంధర ఎండలో పరుగులాంటి నడక నడిచింది. ఆమె చేరేసరికి తల్లి ప్రాణం ఉంది. బిడ్డది పోయింది. ఆడపిల్ల, ఒత్తుగా జుట్టు. ఆమెని ఎవరూ ఒక్క మాట అనలేదు. వెంకటసుబ్బులు అత్త వెంకాయమ్మ తన ఏడుపు ఆపుకుని, చెంబుతో మంచినీళ్ళిచ్చి, "నర్సమ్మగారు పాపం నడిచొచ్చారు, ఆయమ్మ మాత్రం ఏం చేస్తది?" అంది. తిట్టినా బాగుండేది. ఆ నీళ్ళు ఎలా మింగిందో వసుంధరకే తెలియాలి. ఇంటికొచ్చాక మొగుడితో ఆ మాట చెబితే, "అయ్యో, నువ్వు ముందే చెబితే పచ్చళ్ళు ఎల్లుండి తెచ్చేవాణ్ణిగా" అన్నాడు.

ఆ నెలలోనే ఏడాదికోసారి జరిగే తనిఖీ వచ్చింది. అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు బండిని హెల్త్ సెంటర్‌కి తెచ్చి డాక్టరుగారికి చూపించాలి. విశ్వనాథం మోపెడ్ మీద వెళ్ళాడు. బండి యజమానురాలు బస్సులో వెళ్ళింది. బసవేశ్వరరావు కాగితం ముందుకు తోశాడు. "పై వాహనమును విధి నిర్వహణకై నేనే స్వయముగా వాడుచున్నాను" అని దాని మీద అచ్చువేసి ఉంది. కిందటేడు చదవకుండా సంతకం పెట్టిన కాగితం. ఈసారి చదివింది. ఒత్తుగా ఉన్న ఆ జుట్టు కళ్ళ ముందు కదిలింది. కాగితం అలాగే బల్ల మీద పెట్టేసింది.

"నాకు బండి నడపడం రాదండి" అంది డాక్టరుగారితో.

"హాస్యానికంటోందండి" అని విశ్వనాథం నవ్వబోయాడు.

డాక్టరుగారు నవ్వలేదు. "అయితే బండి వాడేదెవరమ్మా?"

"మావారండి. నేను నడుస్తానండి."

"అలాగైతే మిగిలిన సొమ్మంతా ఒక్కసారే కట్టాలి, లేదా బండి ఒప్పజెప్పాలి. రూల్ అది."

"తప్పు నాదే, కిందటేడు చూడకుండా సంతకం పెట్టాను. నాకు పదిహేను రోజులు టైమివ్వండి. నేర్చుకుని, నేనే నడుపుకుంటూ వచ్చి ఈ కాగితం మీద సంతకం పెడతాను."

"సరే, పదిహేను రోజులే" అని ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు.

బయటికి రాగానే విశ్వనాథం విరుచుకుపడ్డాడు. "నలుగురిలో నా పరువు తీశావు! రేపు మిల్లుకి నడిచి వెళితే నన్నేమనుకుంటారో ఆలోచించావా?" ఇన్నేళ్ళూ అలాంటి మాటకి ఆమె వెంటనే తగ్గిపోయేది. ఇవాళ తగ్గలేదు. వింతగా అనిపించింది. అతని చేతిలోంచి హ్యాండిల్ మెల్లిగా తీసుకుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మందుల సంచి వెనక క్యారియర్‌కి కట్టింది. ఎదురుగా నాలుగు మైళ్ళ కాలవ కట్ట, రేపల్లె దాకా మనిషి లేని దారి. పడినా చూసేవాళ్ళుండరు, చూసినా ఏం? రొంటిన ఉన్న చిల్లర తీసి అతని చేతిలో పెట్టింది.

"మీరు బస్సెక్కండి. నేను పడుతూ లేస్తూ రావాలి, పొద్దుపోతుంది. వెళ్ళగానే అన్నం వండి ఉంచండి."