పంజరంలో పరాయి గువ్వ

తోడికోడలు పెంచుకునే గువ్వను చిన్నకోడలు కావాలనే బయట వదిలింది. పంజరంలోంచి తీసి మేడ మీద పిట్టగోడపై కూర్చోబెట్టి దిగి వచ్చేసింది. పుట్టింది మొదలు మనిషి చేతిలో గింజలు తిన్న పిట్ట అది, దేనికీ బెదరడం తెలియదు. పిల్లి వచ్చేదాకా అక్కడే కూర్చుంది.

పెద్దకోడలు దర్జీ. భర్త పోయాక రాత్రింబవళ్ళు మిషన్ కుట్టి మరిదిని చదివించింది. ఇప్పుడు చూపు మందగించి ముందుగదిలో కాలక్షేపం చేస్తోంది. చిన్నకోడలికి ఆ గదిలో బ్యూటీ పార్లర్ పెట్టాలని ఉంది.

మేడ మీదే నూకలు చల్లి, బుట్ట బోర్లించి, బయట తిరిగే గువ్వనొకదాన్ని పట్టి ఖాళీ పంజరంలో పెట్టింది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. మెడ వెనక అదే నల్లపట్టీ, అవే ఎర్రకళ్ళు.

పెద్దకోడలు గింజలతో చెయ్యి లోపల పెట్టగానే పిట్ట ఊచలకేసి కొట్టుకుంది. కాసేపటికి కూసింది. ఆమె వెంటనే మరిదిని పిలిచింది.

"ఇది నాది కాదు నాయనా. నాది కిలకిలా నవ్వినట్టు కూస్తుంది. ఇది మూడు విరుపులతో కూస్తోంది. రెక్కల చివర్లు చూడు, నల్లగా ఉంటాయి. నా దానివి మీగడ రంగు."

నల్లగానే ఉన్నాయి. కానీ అతను ఆ పిట్టను ఇంతకుముందెప్పుడూ పరకాయించి చూసినవాడు కాదు. భార్య అతన్ని పక్కకు పిలిచి, అక్కకు ఈమధ్య మతి నిలవడం లేదని, వృద్ధాశ్రమంలో అయితే చూసుకునేవాళ్ళుంటారని చెప్పింది. గోడ అవతల ఉన్న పెద్దకోడలికి అదంతా వినిపించింది.

మర్నాడు ఆమె తనంతట తానే మరిది దగ్గరికి వెళ్ళింది. తనే పొరబడ్డానని, పిట్ట తనదేనని చెప్పి, నవ్వడానికి ప్రయత్నించింది.

చిన్నకోడలు ఆ మాట కోసమే కాచుకుని ఉంది. అనుమానం వచ్చి పిట్టలమ్మే కొట్టువాణ్ణి అడిగానని, ఇది పెంపుడుది కానే కాదన్నాడని, అసలుది ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుందని భర్తకు చెప్పింది.

"నిన్న కాదంది, ఇవాళ అవునంటోంది. సొంత పిట్టనే పోల్చుకోలేని మనిషి రేపు గ్యాస్ కట్టేస్తుందా?"

అతను తలూపాడు.

వృద్ధాశ్రమానికి వెళ్ళే కారులో, తోడుగా ఉంటుందని మరిది ఆ పంజరాన్నే ఆమె ఒళ్ళో పెట్టాడు. దారి పొడుగునా పిట్ట ఊచలకు తల బాదుకుంటూనే ఉంది. దాని నెత్తి మీద రక్తం చెమ్మ ఆమె వేళ్ళకు తగిలింది.

ముందు సీట్లోంచి అతను వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అలవాటవుతుందిలే వదినా."