చిన్న తల గురి

త్సుకుబాలో మా కార్ల పరీక్షాశాలకు రెండు తలలున్నాయి. పెద్దవాళ్లది నాలుగున్నర కిలోలు, పిల్లలది మూడున్నర. లోహపు గుండుకు రబ్బరు తోలు తొడుగుతాం. కళ్లు, ముక్కు ఉండవు. కారు బానెట్ మీద నేను సుద్దతో గుర్తు పెడతాను, యంత్రం తలను అక్కడికి విసురుతుంది. దెబ్బ ఎంత గట్టిదో చూపే అంకె వెయ్యి దాటితే, కారు గుద్దిన మనిషి తల దక్కదని లెక్క; బానెట్ పరీక్ష తప్పినట్టు.

విసిరే ముందు వేలు చూపించి గట్టిగా చెప్పాలి. "తల, సరే!" అనేది నెమొతో, నాతో పనిచేసే అమ్మాయి. "గురి, సరే!" అనేది నేను. ఆ రెండు మాటలూ పడందే మీట నొక్కరు.

ఆ ఉదయం చిన్న తల గుర్తు మీద పడలేదు. జానెడు పక్కకు పోయి, వైపర్ తిరిగే ఇరుసు మీద పడింది. గుర్తు తప్పిన దెబ్బ లెక్కలోకి రాదు. మళ్లీ విసిరాం. మళ్లీ అక్కడే. మూడోసారీ అంతే. యంత్రం విప్పి చూశాం, వంక లేదు. పెద్ద తల మాత్రం గుర్తు మీదే పడుతోంది.

"కురమొచి గారూ, మీ సుద్ద గాని తాగి వచ్చిందా?" అని నవ్వబోయింది నెమొతో. కెమెరా తీసిన బొమ్మను నెమ్మదిగా నడిపి చూసేసరికి నవ్వు ఆగిపోయింది. తల గాల్లో పక్కకు తిరుగుతోంది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

"తప్పిన దెబ్బలు పారెయ్యండి. రూలు అదే," అన్నాడు తొకితా. ఆ బానెట్ నమూనా గీసింది ఆయనే. "వచ్చే నెల బండ్లు రోడ్డెక్కాలి. కానివ్వండి."

"తల, సరే!"

నా వేలు లేచింది. మాట రాలేదు.

"అనండి, పెద్దాయనా," అన్నాడు తొకితా.

"గురి అక్కడ లేదు."

"మరెక్కడుంది?"

ఇరుసు చూపించాను. "అక్కడ మనం ఒక్క గుర్తూ పెట్టలేదు."

"పెడితే బానెట్ తప్పుతుందని మీకు తెలియదూ?"

"నాకు తెలియదు. దానికి తెలుసు."

తొకితా విసుగ్గా ఆ చిన్న తల మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేసుకున్నాడు. జ్వరం పిల్లాడి నుదురులా కాలుతోందని నాకు పొద్దున్నే తెలుసు. అరచెయ్యి చూసుకున్నాడు.

"చెరపండి," అన్నాడు.

గుర్తు ఇరుసు మీదికి మార్చాను. "గురి, సరే!" అన్నాను. నా వెనకే సన్నగా ఇంకో "సరే" వినిపించింది. నెమొతో నా వంక చూసింది. ఆమె పెదాలు మూసే ఉన్నాయి.

ఈసారి తల తిరగలేదు. తిన్నగా వెళ్లింది.

వెయ్యిన్నీ ఎనిమిది వందల నలభై. ఆ అంకెను తొకితా తనే రాశాడు.

"బండ్లు ఆపమని పైవాళ్లకు ఏమని చెప్పను?"

"గుర్తు మీదే పడిందని చెప్పండి," అన్నాను.