నీలం గుడ్డ కట్టిన కుర్చీ

లైబ్రరీ మేడమీది గదిలో నీలం గుడ్డ కట్టిన కుర్చీ ఒకటి ఉంటుందనీ, మంగళవారం సాయంత్రం అందులో కూర్చున్నవాడి గొంతులోకి వారం దాకా మందు చుక్క దిగదనీ ఊరంతా నమ్మేది. అందులో కూర్చున్న ప్లంబరొకడు సీసా మూత ఊడదీయలేక ఏడ్చాడని సాక్ష్యం కూడా చెప్పుకునేవారు. ఆ ప్లంబరును మాత్రం ఎవరూ చూడలేదు.

బోర్డులు రాసే పెయింటరు ఇలాంటివి నమ్మే మనిషి కాడు. కనీసం అలాగని అందరికీ చెప్పేవాడు. అతని కష్టమల్లా తాగి తాగి వణికే చెయ్యి. కిందటేడు కళ్లద్దాల దుకాణానికి అతను రాసిన బోర్డులో అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోతే, చూసినవాళ్లు తమ చూపే చెడిందనుకుని లోపలికి వెళ్లారు. దుకాణం కళకళలాడింది, పెయింటరు పేరు గంగలో కలిసింది.

ఇప్పుడు సొంత కూతురు పళ్ల ఆసుపత్రి తెరుస్తోంది.

"తొంభై రోజులు ముట్టుకోకుండా ఉండు నాన్నా. బోర్డు నువ్వే రాద్దువుగాని. లేదంటే ఫ్లెక్సీ వేయించేస్తా," అంది.

ఫ్లెక్సీ! కన్నకూతురి గుమ్మానికి! ఆ మాట అతని గుండెలో మేకై దిగింది. మర్నాడే మందుల షాపుకు వెళ్లి, గొంతు తగ్గించి, "మా స్నేహితుడొకడు తాగుడు మానాలనుకుంటున్నాడు. ఎక్కడికి పంపమంటారు?" అని అడిగాడు.

"మంగళవారం ఐదింటికి లైబ్రరీ మేడమీద మీటింగు," అన్నాడు షాపాయన, నవ్వు పెదవి దాటకుండా. "మీ స్నేహితుడికి దారి తెలియదేమో, మీరే తోడు వెళ్లండి పాపం."

వెళ్లాడు. పన్నెండు కుర్చీలు, ఒక ఫ్లాస్కు టీ, గుండ్రంగా కూర్చుని ఎవరి గోడు వారు చెప్పుకోవడం, అంతే. నీలం గుడ్డ కుర్చీలో రిటైరైన లెక్కల మాష్టారు పడవలో ఊగినట్టు ఊగుతున్నాడు.

"మాష్టారూ, మీరు కూడా నమ్ముతారా?"

"ఛ, నమ్మడమేమిటి! తప్పని ఇంకా రుజువు కాలేదు, అంతే."

ఆ పై వారం పెయింటరు శాస్త్రీయ పరిశీలన నిమిత్తం అరగంట ముందే వచ్చి ఆ కుర్చీ పట్టాడు. మరుసటి వారం మాష్టారు గంట ముందు వచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి ఇద్దరూ మధ్యాహ్నం మూడింటి నుంచే మెట్ల మీద కాపలా. అలా కూర్చున్నంతసేపూ తామిద్దరూ బారు గుమ్మం తొక్కడం లేదన్న సంగతి లెక్కల మాష్టారి లెక్కలోకి కూడా రాలేదు.

ఎనభై అయిదో రోజున పోటీలో మాష్టారే గెలిచాడు. ఠీవిగా కూర్చుని, "మిత్రులారా, ఈ వారం నేను..." అన్నాడో లేదో, కుర్చీ కాలు ఫెళ్లున విరిగింది.

"మాష్టారూ," అన్నాడు పక్క కుర్చీలోని లారీ డ్రైవరు ఆయన్ని లేవనెత్తుతూ, "ఇన్నాళ్లూ తాగి పడ్డారు. మానేసి పడటం ఇదే మొదటిసారి!"

అందరూ విరగబడి నవ్వారు. పెయింటరు ముఖంలో మాత్రం కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఇంకా అయిదు రోజులు! కుర్చీ లేకుండా ఎలా? మునిగేవాడికి గడ్డిపోచే ఆధారం గనుక, విరిగిన కాలును సంచిలో వేసుకుని బయటపడ్డాడు. రోజూ సాయంత్రం మందు కోసం నాలుక పీకినప్పుడల్లా దాన్ని చేత పట్టుకుని మాష్టారికి ఫోను చేసేవాడు.

"కాలు నా దగ్గరే ఉంది మాష్టారూ, ఫర్వాలేదు."

"నా నడుమే బాగాలేదయ్యా. సరే, ఏదో ఒకటి మాట్లాడు. నాకూ నాలుక పీకుతోంది."

అరగంట మాట్లాడుకునేవారు. అయిదు రోజులూ గడిచాయి.

ఆ మర్నాడు పొద్దున్నే కుర్చీ కాలును నడుముకు కట్టుకుని పెయింటరు నిచ్చెన ఎక్కాడు. కుంచె తడిపి, ఊపిరి బిగబట్టి, మొదటి అక్షరం దించాడు. మధ్యాహ్నానికి కూతురు బోర్డు కింద ఈ కొస నుంచి ఆ కొసకు దారం పట్టి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇక ఫ్లెక్సీవాడికి ఫోను చేసి వద్దని చెప్పేస్తా నాన్నా."

"ఓసి పిడుగా! ఇంకా చెప్పలేదా?"

"మాట విని కాదు, చెయ్యి చూసి చెబుదామని," అంది కూతురు. దారం చుట్టేస్తూ మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మంగళవారం నాడు పెయింటరు ఆ కాలును శుభ్రంగా తుడిచి, వార్నీషు పూసి, లైబ్రరీ ఊడ్చే ఆవిడకు రెండు చేతులా అందించాడు.

"అక్కా, దీన్ని జాగ్రత్తగా అతికించాలి. ఆ నీలం గుడ్డ కుర్చీది."

"ఏ కుర్చీది తమ్ముడూ?" అందామె చీపురు పక్కన పెట్టి. "కాలు ఊగే కుర్చీలో ఎవరూ కూర్చోకూడదని నేనే గుర్తుగా ఆ గుడ్డ కడతాను. ఒకటి బాగుచేయిస్తే ఇంకోటి ఊగుతుంది. ఈ మూడు నెలల్లో తొమ్మిది కుర్చీలకు మార్చాను."