బిగుతు కుట్టు

రీలు మీది నుంచి ఎలాస్టిక్‌ను బారెడు బారెడు లాగి బల్ల మీద వదులుగా పరిచి, దాని కొస దగ్గర సుద్దగీత గీస్తోంది సూదక్క. రీలుకు చుట్టి ఉన్నంతసేపూ అది సాగే ఉంటుంది. ఒక పూట దాని మానాన వదిలేస్తే అసలు పొడవుకు వస్తుంది, అప్పుడే కత్తిరించాలి. తొందరపడి కోస్తే నాలుగు ఉతుకులకే పైజమాలు జారి రోగుల పరువు పోతుందని ఆమె వాదన. ఇరవై ఆరేళ్లుగా ఆ ఆసుపత్రిలో ఎవరి పరువూ పోలేదు. అందుకు ఆమెను మెచ్చుకున్నవాళ్లూ లేరు.

కుట్టుగది నేలమాళిగలో, బట్టలుతికే గది పక్కన ఉంది. పైన ఒక చిన్న కిటికీ. అందులోంచి నడిచేవాళ్ల చెప్పులు తప్ప ముఖాలు కనిపించవు. యాభై నాలుగేళ్ల సూదక్కకు మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. సూదిపోట్లకు ఎడమ చూపుడువేలి కొన మొద్దుబారింది. భర్త పోయి పదకొండేళ్లు. పిల్లలు లేరు. చెల్లెలు ఫోన్ చేసి అరగంటసేపు తన మోకాళ్ల సంగతే చెప్పి, "నీకేం, రాయిలా ఉంటావు" అని పెట్టేస్తుంది.

రాయిలా ఏమీ లేదు. నెలసరి ఆగిన దగ్గర్నుంచీ ఒంట్లో ఆవిర్లు, చెమటలు. ఈమధ్య మెట్లెక్కితే చెవుల్లో మిషను తిరుగుతున్నట్టు హోరు. అన్నిటికీ "వయసు" అని సరిపెట్టుకుంటుంది. చెప్పుకోవడానికి మనిషంటూ ఉంటే ఇంకో మాట దొరికేదేమో.

ఆ ఉదయం బీపీ పట్టీలకు కొత్తగా కుట్టిన పద్నాలుగు గుడ్డ తొడుగులు తీసుకుని పైకి వెళ్లింది. నర్సు ఒకటి పట్టీకి తొడిగి, "చెయ్యి ఇటివ్వక్కా, నీతోనే బోణీ చేద్దాం" అంది.

నర్సు చెయ్యి వెచ్చగా ఉంది. తన చేతిని ఎవరైనా అలా పట్టుకుని ఎన్నేళ్లయిందో సూదక్కకు గుర్తులేదు. ఆ కొలత తొందరగా అయిపోకూడదనిపించింది.

"నూట తొంభై రెండు!" నర్సు నవ్వు ఆగిపోయింది. "నెలసరి ఆగిపోయిందా అక్కా?"

సూదక్క తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నాలుగేళ్లయింది సిస్టర్."

"అది ఆగాక రక్తనాళాల్లో సాగే గుణం తగ్గిపోతుంది. గట్టిపడతాయి. అందుకే పై అంకె ఇలా ఎగబాకుతుంది. కదలకుండా కూర్చో, ఇంకోసారి చూసి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తా."

అంతలో వార్డులోంచి కేక వినబడి నర్సు పరుగెత్తింది. సూదక్క తన చేతికున్న తొడుగునే చూస్తూ కూర్చుంది. పట్టీ బిగుతుగా ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుందని ఎవరో అనగా విన్నది. కుట్టు పావంగుళం లోపలికి పడ్డట్టుంది. ఒంట్లో లోపమన్న మాట ఆమె చెవికెక్కలేదు. కుట్టులో లోపమనుకోగానే మాత్రం తల కొట్టేసినట్టయింది. చేతి పట్టీది కూడా ఊడదీసి, తొడుగులన్నీ చంకన పెట్టుకుని కిందికి దిగిపోయింది.

ఒక్కొక్కటే విప్పి, పావంగుళం వదిలి, మళ్లీ కుట్టసాగింది. అన్నం డబ్బా మూత తియ్యలేదు. మధ్యాహ్నం ఆయా వచ్చి, "సిస్టరు నిన్ను వెంటనే రమ్మంటోంది" అంది.

"బిగుతు కుట్టి చచ్చానే తల్లీ. ఇంకో రెండున్నాయి, అవి కూడా కుట్టి తెచ్చిచ్చేస్తానని చెప్పు."

పదమూడోది అయింది. మిషను ఆపింది. హోరు ఆగలేదు. కాసేపు బల్ల మీద తల వాల్చింది.

నాలుగింటికి నర్సే దిగివచ్చింది. నిద్రపోతోందనుకుని భుజం తట్టింది. తర్వాత నాడి కోసం చెయ్యి పట్టుకుంది. ఈసారి చాలాసేపు పట్టుకుంది.

మర్నాడు తొడుగుల కోసం వచ్చినప్పుడు, విప్పకుండా మిగిలిన పద్నాలుగోదాన్ని నర్సు పట్టీకి తొడిగి తన చేతికి కట్టుకుంది. నూట పద్దెనిమిది. కుట్టు ఎక్కడా బిగుతు లేదు. నర్సు సూదక్క స్టూలు మీదే కూర్చుని ఏడ్చింది.

బల్ల మీద, నిన్న పరిచిన ఎలాస్టిక్ సుద్దగీతకు మూడంగుళాలు ఇవతలికి తగ్గి, కత్తిరించడానికి సిద్ధంగా ఉంది.