చీటీలో దాటేసిన పేరు

మా ఏసయ్య గుడిలో ఆదివారం విజ్ఞాపనల చీటీ, అంటే ఎవరెవరి కోసం ప్రార్థించాలో ఆ పేర్ల చీటీ, చదివేది నేనే. జ్వరం వచ్చినవాళ్లు, పరీక్ష రాసేవాళ్లు, ములుగు అడవికి కట్టెలకు పోయినవాళ్లు, అందరి పేర్లూ అందులో ఉంటాయి. ఒక్కో పేరుకూ సంఘమంతా ఆమెన్ అంటుంది. పేరు వినబడితే సగం భారం దిగినట్టే మావాళ్లకు.

అది అరవై ఆరో సంవత్సరం. వానల్లేవు, రేషన్ దుకాణంలో అమెరికా గోధుమలే దిక్కు. వియత్నాం మీద బాంబులు ఆపమని ఢిల్లీ అన్నది. అమెరికాకు కోపం వచ్చి గోధుమ ఓడలు నెమ్మదించాయని పేపర్లో చదివాను. మన దేశం, అమెరికా రెండూ ప్రజాస్వామ్యాలు, చిరకాల మిత్రులు అని బడిలో పిల్లలకు చెప్పిన పంతులును నేను. ఒళ్లు మండిపోయింది. "ముద్ద పెట్టి నోరు మూసుకోమంటరా?" అని నా భార్య ప్రమీల మీద అరిచాను. పాపం, ఆమె ఆ గోధుమలే చెరుగుతోంది.

ఆ కోపం చివరికి రూతమ్మ మీద పడింది. ఆమె మిషన్ దవాఖానలో అమెరికా నర్సు, వరంగల్‌కు వచ్చి పదకొండేళ్లు. మా చిన్నది పుట్టినప్పుడు పురుడు పోసింది ఆమే. ఆమె తమ్ముడు వాల్టర్ సిపాయిగా వియత్నాం పోయాడు. నాలుగు నెలలుగా చీటీలో అతని పేరుంది. ఆ ఆదివారం దాన్ని కావాలనే దాటేశాను. చాప మీద కూర్చున్న రూతమ్మ తలెత్తి చూసింది. నేను చూడనట్టు గొంతు పెంచి తర్వాతి పేరు చదివాను.

బయట అడిగింది. "అన్నా, మా తమ్ముని పేరు మరిసిండ్రా?"

"మరువలే. బాంబులేసెటోళ్లకు ఈ గుడిల ప్రార్థన లేదు."

నలుగురూ వినేలా అన్నాను. "సరే అన్నా" అని ఆమె వెళ్లిపోయింది.

వారమంతా ముద్ద దిగలేదు. ఓడలు ఆపింది ఆమెనా? ఎవరి మీద కసి ఎవరి మీద తీర్చుకున్నాను? సిగ్గుతో చచ్చిపోయాను. శనివారం దవాఖానకు పోయాను. ఆమె కట్టు గుడ్డలు చుడుతోంది.

"తప్పయింది రూతమ్మా. రేపు మొదటి పేరు అదే చదువుత."

"చదువుండ్రి అన్నా. ఈ లడాయి నాకు గూడ ఇష్టం లేదు. కాని వాడు భయపడుతాండు. ప్రతి సోమవారం ఉత్తరం రాస్త, మా గుడిల అందరు నీ పేరుకు ఆమెన్ అన్నరని. అదొక్కటే ధైర్యమని వాడు రాసిండు."

"మరి ఈ సోమవారం ఏం రాసినవు?"

ఆమె చుట్టిన గుడ్డను పెట్టెలో పెట్టింది. "చదివిండ్రనే రాసిన అన్నా. మా అన్న గట్టిగ చదివిండని రాసిన."

తిట్టి ఉంటే ఇంటికొచ్చి ఇంత అన్నం తినేవాణ్ణి.